తొట్టి చెడిన నాటి వాన

మా ఉదయగిరి వైపు ఎవరైనా గాలిమాట మోసుకొస్తే "నీలివార్తలే" అని కొట్టిపారేస్తారు. ఆ మాటను అంత తేలిగ్గా అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అది ఎక్కడ పుడుతుందో వాళ్ళకు తెలియదు. అది పుట్టే చోట, నడుం లోతు కుళ్ళు నీళ్ళలో నిలబడి నేను పని చేశాను.

ధాత సంవత్సరంలో వానలు ఎగ్గొట్టాయి. మరుసటి ఏడు ఈశ్వర వచ్చినా చుక్క రాలలేదు. మొదట పశువులు పోయాయి, తర్వాత మా బావ, ఆ తర్వాత నా భార్య. నేను బడిలో కూర్చుని చదివినవాణ్ణి కాను. కళ్ళాల్లో ధాన్యం కొలిచేవాళ్ళ పక్కన నిలబడి పదహారో వంతు వీసం మొదలుకొని పరక, కాలు, అర అన్న భాగాలు చెవులతో నేర్చుకున్నాను. నలభై దాటిన ఈ వయసులో కూడా ఏది చూసినా అందులో ఇంకెంత మిగిలిందా అని చూడటం నా అలవాటు. ఆ కరువులో చివరికి మా రెండిళ్ళకూ కలిపి మిగిలింది నేను, మా అక్క, అక్క చేను, ఆమె దగ్గరున్న ఒక విత్తనాల మూట.

మూటలో జొన్నలు. బూడిద కలిపి, ఎండిన వేపాకు వేసి దాచింది. బావ లేవలేని స్థితిలో ఉన్నప్పుడు అక్క ఆ మూట విప్పబోతే ఆయనే చెయ్యి పట్టుకుని ఆపాడు. విత్తనం తినేస్తే వాన పడిన నాడు షావుకారు దగ్గరకు నాగుకు, అంటే విత్తనం అప్పుకు, పోవాలి. ఒక కొలత తెచ్చుకుంటే పంట మీద ఒకటిన్నర తిరిగి కొలవాలి. కొలవలేకపోతే చేను ఆయనది. మా వీధిలో చేలు అట్లాగే ఒకటొకటిగా చేతులు మారాయి. ఆ మూట ఉన్నంతకాలం చేను అక్కది. అందుకే బావ ఆకలితో పోయాడు గాని మూట ముడి విప్పనివ్వలేదు.

అటువంటి రోజుల్లో మేస్త్రీ వచ్చాడు. ఆత్మకూరు దగ్గర నీలిమందు కార్ఖానాకు మనుషులు కావాలని వీధి మొదట్లో నిలబడి పిలిచాడు.

"ఆడ బావుల్లో ఇంకా నీళ్ళుండాయి. నీలి చెట్టు పచ్చగా ఉండాది. పొద్దు కుంకేలోగా జొన్నలు కొలుస్తా. ఉండేదానికి ఇల్లు."

అక్క ముందుకు వచ్చి అడిగింది. "వాన పడితే?"

"పడితే పో తల్లీ. నిన్ను కట్టేసి పెట్టేదెవురు?"

ఆ ఒక్క మాట మీద మేము బయలుదేరాం. మర్రిపాడు మీదుగా రెండు పగళ్ళ నడక. అక్క మూట నెత్తిన పెట్టుకుంది. మర్రిపాడులో మంద మొత్తం పోగొట్టుకున్న గొర్రెల కాపరి ఒకడు మాతో కలిశాడు. నాకంటే చిన్నవాడు. భుజం మీద గొంగడి, చేతిలో కర్ర, ముందు ఒక్క గొర్రె కూడా లేదు. దారి పొడుగునా అలవాటు కొద్దీ నోటితో అదిలింపులు చేస్తూనే నడిచాడు.

మేస్త్రీ చెప్పిన ఇల్లు తాటాకు కొట్టం. దాని వెనకే తొట్లలోంచి తీసి పారేసిన చెత్త గుట్టగా పడి కుళ్ళుతూ ఉండేది. గుట్ట మీది ఈగలు మా కొట్టంలో నిద్రపోయేవి. తాగే నీళ్ళ బావికీ తొట్ల నీళ్ళు పోయే కాలువకూ మధ్య ఒక గట్టు మాత్రమే అడ్డం. చేయి చాపితే పక్కవాడి ముఖం తగిలేంత ఇరుకులో పడుకునేవాళ్ళం. అక్క ఆ మూటను వాసానికి కట్టి, సరిగ్గా దాని కింద పడుకునేది.

పని ఇది. నీలి చెట్టును కోసి, మోపులు కట్టి తెచ్చి పై తొట్టిలో పేరుస్తారు. దుంగలతో అదిమి నీళ్ళు పెడితే రాత్రంతా అది నానుతుంది. తెల్లవారి ఆ నీళ్ళను కింది తొట్టిలోకి వదులుతారు. మేము రెండు వరసలుగా ఎదురెదురు దిగి తెడ్లతో చిలకాలి. చిలికేకొద్దీ ఆకుపచ్చ నీళ్ళు నీలమవుతాయి. అప్పుడు సున్నపు తేట పోస్తే రంగు మడ్డిగా అడుక్కి దిగుతుంది. ఆ మడ్డిని కాచి, గుడ్డలో వడగట్టి, అదిమి, బిళ్ళలుగా కోసి నీడలో ఆరబెడతారు. ఆ బిళ్ళలు సముద్రం దాటి పోతాయని, అక్కడ ఎవరి బట్టలకో ఎక్కుతాయని చెప్పుకునేవాళ్ళు. మా బట్టలకు మాత్రం డబ్బు లేకుండానే ఎక్కింది.

కొద్ది రోజులకే నడుం కింద అందరం నీలంగా మారాం. వేళ్ళ సందుల్లో పుళ్ళు లేచాయి. సున్నం తగిలి అవి ఆరేవి కావు. నీటిలోంచి వచ్చే ఆవిరికి తల దిమ్మెక్కి, ఒక్కొక్కడు తెడ్డు వదిలేసి గట్టు మీద వాంతి చేసుకునేవాడు. అట్లా గట్టెక్కిన పూటకు సాయంత్రం జొన్నలు సగమే. జ్వరం వచ్చినవాడికి అదీ లేదు. అన్నిటికంటే ముందు పోయింది ముక్కు. ఆ కుళ్ళు వాసన మొదట భరించలేకపోయాం. తర్వాత అది తెలియడం మానేసింది. దానితో పాటు సంకటి వాసన, చెమట వాసన, పొగ వాసన, ఏదీ తెలియకుండా పోయింది.

కాపరి మాత్రం నోరు మూసేవాడు కాదు.

"అన్నా, నన్ను చూడు. నడుం కింద కిష్టుడు, నడుం పైన కాటికాపరి."

"నోరు మూసుకుని చిలుకురా," అనేది ఎదుటి వరసలోంచి అక్క.

"నా గొర్రెలు బతికుంటే ఈ కంపుకు నన్ను చూసి పారిపోయుండేయి గదక్కా. ముందే చచ్చి పరువు నిలబెట్టినాయి."

ఇక తొట్టి చెడటం గురించి చెప్పాలి. చెట్టు ఎక్కువ నానినా, తక్కువ నానినా, ఒక్కోసారి ఏ కారణం లేకుండానే, ఎంత చిలికినా నీళ్ళు బూడిదరంగులో ఉండిపోతాయి. రంగు విరగదు. అప్పుడు చేసే పని ఒకటుంది. నీలి పని చేసేవాళ్ళలో ఎంత పాతదో తెలియని నమ్మకం అది. ఒక అబద్ధం పుట్టించి వదలాలి. నలుగురూ దాన్ని నమ్మి మోసుకుపోతే తొట్టి బాగుపడుతుంది. నీలివార్త అంటే అదే. మేస్త్రీ ఆ పని శ్రద్ధగా చేసేవాడు.

మొదట్లో మాకది వినోదం. తొట్టి బూడిదరంగుకు తిరిగితే చాలు, వరసలో ఒకరినొకరు అడుక్కునేవాళ్ళం.

"ఇయ్యాళ ఏం వదిలినాడ్రా?"

"చేజర్లలో మేక మనిషి మాట మాట్టాడిందంట."

"ఏమనిందంట?"

"మేస్త్రీ జొన్నలు తక్కువ కొలస్తాండాడనిందంట."

తొట్టిలో నవ్వు లేచింది. అక్క కూడా నవ్వింది. బావ పోయాక ఆమె నవ్వడం నేను చూసింది ఆ పూటే. గట్టు మీద నిలబడ్డ మేస్త్రీ మాత్రం నవ్వలేదు. "నవ్వే మాటకు రంగు రాదు," అన్నాడు. "నమ్మాల. నమ్మితేనే తిరగతాది." పిండిలో ఉప్పు చాలలేదని చెప్పే మనిషిలా ఉన్నాడు.

తర్వాత వరసగా తొట్లు చెడ్డాయి. కార్ఖానా యజమాని వచ్చి మేస్త్రీని మా అందరి ముందు నిలబెట్టి తిట్టి పోయాడు. ఆ మధ్యాహ్నం కాపరి కొట్టాల వైపు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అక్కా! ఉదయగిరిలో వాన! వాగు పొంగి బండ్లు ఆగిపోయినాయంట. ఆ దారిన వచ్చినాయన చెప్పినాడు!"

అక్క అప్పటికే వాసం మీది ముడి విప్పుతోంది. నేను బయటికి వచ్చి ఉత్తరాన చూశాను. మబ్బు తునక లేదు. గాలిలో చల్లదనం లేదు.

"అక్కా, ఒక పూట ఆగు. ఇంకెవరైనా వస్తారేమో అడుగుదాం."

"పదును ఆగతాదంట్రా నువ్వు అడిగిందాకా?"

విత్తనానికి తగిన తడిని మేము పదును అంటాం. మా చేను కొండ కింది ఎర్రనేల, గులకరాళ్ళ నేల. పడిన తడిని ఎక్కువ రోజులు పట్టుకోదు. అది నాకంటే ఆమెకే బాగా తెలుసు. మూట ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఇద్దరం వెళ్తే తిరిగి వచ్చేసరికి ఇద్దరి చోట్లూ పోతాయని నన్ను రావద్దంది.

ఆ సాయంత్రం తొట్టికి రంగు తిరిగింది. మేస్త్రీ నీలి నీళ్ళు దోసిట్లో పట్టి అందరికీ చూపించాడు. "చూసినారా, ఒక్క మాటకు ఎంత రంగో!" ఆ పూట సున్నపు తేట ఒకటికి ఒకటిన్నర పోయించాడని తొట్టిలో ఉన్న మా అందరికీ తెలుసు. పేరు మాత్రం మాటకే దక్కింది.

అక్క తిరిగి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మూట నెత్తిన అట్లాగే ఉంది. మడమలు పగిలి, పగుళ్ళలో దుమ్ము గట్టిపడి ఉంది. తిన్నగా కాపరి దగ్గరికి నడిచింది.

"చేలో అడుగు పెడితే మోకాళ్ళ దాకా దుమ్ము లేచిందిరా."

వాడు తల ఎత్తలేదు. కాళ్ళ పుళ్ళకు కొత్తగా ఆముదం మెరుస్తోంది. ఆ ఆముదం తొట్టిలో నురగ అణచడానికి వాడేది. కూలివాళ్ళకు ఇవ్వరు. మేస్త్రీ దాన్ని ఇచ్చే వాడితో ఆ మాట చెప్పించాడు.

"నువ్వు నమ్మతావనుకోలేదక్కా. మేక మాట్టాడిందంటే నవ్వినావు గదా!"

"మేకకీ వానకీ తేడా తెలీదంట్రా నీకు? నువ్వు గొర్రెలు కాసినోడివేనా?"

ఆమె చోట అప్పటికే వేరే మనిషి నిలబడ్డాడు. మేస్త్రీ ఆమెను చెత్త గుట్ట మీదికి పంపాడు. తొట్టిలోంచి తీసిన కుళ్ళు కట్టెను చేతులతో లాగి గుట్టకు ఎత్తడం ఆ పని. కూలి సగం. ఆమె కూలి సంగతి ఎత్తలేదు. మేస్త్రీ ఎదుట నిలబడి ఒకటే అడిగింది.

"ఏమైనా చెప్పుకో మేస్త్రీ. నేను చచ్చినానని చెప్పుకో. వాన మాట మాత్రం ఎత్తొద్దు."

"వానంటేనే గదమ్మే మీరు లేచేది," అన్నాడతను. "ఇంకేం చెప్తే లేస్తారో నువ్వే చెప్పు, అదే చెప్తా."

కోపంగా అనలేదు. ఎగతాళిగానూ అనలేదు. నిజంగానే అడిగాడు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

ఆ తర్వాత కూడా వాన మాట వదిలాడు. మొదటిసారి అందరి తలలూ లేచాయి. మరోసారి ఒకరిద్దరివే. ఆ పైన తెడ్లు కూడా ఆగలేదు. మా మనుషులకు వాన అన్న మాట మీదున్న ఆశను అతను తొట్టిలో కలిపి చిలికాడు. అది తిరిగి విడదీయడానికి వచ్చేది కాదు.

చిత్త కార్తెలో ఒక ఉదయం మళ్ళీ తొట్టి చెడింది. బూడిదరంగు నీళ్ళను చూసి, ఈ పూట ఏ కథ వస్తుందోనని ఎదురుచూస్తున్నాం. ఎండ నెత్తి మీదికి వచ్చాక, మడ్డి కాచే పొయ్యిలకు కట్టెలు తెచ్చే బండి ఒకటి ఉదయగిరి దారి నుంచి వచ్చింది. దాని చక్రాలకు ఎర్రమట్టి పట్టి ఉంది. నేను తొట్టిలోంచి గట్టెక్కి వెళ్ళి దగ్గరగా చూశాను. ఇనప పట్టా మీద కాదు, చక్రపు ఆకుల మధ్య దాకా ఎక్కింది. పైపొర ఎండింది, గోటితో గీస్తే లోపల ఇంకా మెత్తగా ఉంది. చక్రం అంత లోతు దిగబడాలంటే నేల జానెడు తడవాలి. చినుకుతో అయ్యే పని కాదు.

కాపరి నాకంటే ముందే గుట్ట దగ్గరికి పరుగెత్తాడు.

"అక్కా, ఈసారి నిజం! నా గొర్రెల మీద ఒట్టు!"

"చచ్చిన గొర్రెల మీదనా?"

"అక్కా, చక్రం చూడు," అన్నాను నేను. "ఎర్రమట్టి. మన నేలది."

ఆమె చెత్త లాగుతూనే ఉంది. "మేస్త్రీకి మట్టి దొరకదా? పూయించుంటాడు. ఏ తొట్టి చెడిందిరా ఇయ్యాళ?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు నాకు. తొట్టి చెడిన మాట నిజమే. బండివాడు వచ్చి వాన పడిందని ప్రమాణం చేశాడు. ఆమె అతని మొహం వైపు చూసి, "నీకెంత ఆముదం ఇచ్చినాడు?" అంది. మూట ఇస్తే నేనే వెళ్ళి విత్తుతానన్నాను.

"మూట నాతోనే వస్తాది. నేను రాను. పోయినసారి నా నెత్తి మీద అది నడిచింది, కింద నేను నడిచినాను. ఇద్దరికీ చాలు."

ఇక మిగిలింది ఒకటే దారి. ఆమె నమ్మేది ఏదైనా తేవాలి. మేస్త్రీకి చెప్పకుండానే బయలుదేరాను. మర్రిపాడు దాటాక గుంటల్లో నీళ్ళు కనపడ్డాయి. మా ఊరి దుర్గం కొండ కడిగిన రాయిలా ఉంది. ఊళ్ళో మిగిలినవాళ్ళంతా చేలల్లోనే ఉన్నారు. బతికిన కాసిని ఎద్దులకు ఒక్క నిమిషం విశ్రాంతి లేదు. అక్క చేలో వేళ్ళతో తవ్వాను. జానెడుకు పైనే తడి. మంచి పదును. పక్క చేను ఆసామి అరక ఆపి అరిచాడు.

"ఒట్టి చేతులతో వచ్చినావేంది? విత్తనం యాడ?"

"అక్క దగ్గరుండాది."

"ఎంటనే తీసుకొచ్చేయి. నా అరక ఇస్తా. ఎండ చూస్తాండావు గదా, నిలవనీదు."

నాగుకు విత్తనం తెచ్చి ఆ పూటే చల్లవచ్చు. ఆ ఆలోచన నాకు రాకపోలేదు. కానీ నాగు తేకుండా ఉండటానికే ఒక మనిషి ప్రాణం వదిలాడు. ఆయన భార్య బతికుండగా నేను ఆ చేనుకు నాగు ఎత్తలేను. గడ్డి మొలక లేచిన చోట ఒక పెళ్ళ తవ్వి, మోదుగాకుల్లో చుట్టి, వచ్చిన దారినే తిరిగాను.

వాన వెనక ఎండ కాసింది. పడమటి గాలి లేచింది. కార్ఖానా చేరేసరికి ఆకులు ఎండి గలగలలాడుతున్నాయి. అక్క పెళ్ళను చేతిలోకి తీసుకుంది. పైన తడి లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంది, చాలాసేపు పీల్చింది.

"నాకు వాసన తెలీదురా," అంది.

తర్వాత రెండు చేతులతో విరిచింది. నడిమధ్య నుంచి పైకి పాకుతూ తెల్లటి మొలక, దాని కొనన సూది మొనంత పచ్చ. దాన్ని చూస్తూ కూర్చుంది. ఆమె అన్న మాట ఒకటే. "దీన్ని మేస్త్రీ పెట్టలేడు."

మూట దించుకుని వస్తుంటే మేస్త్రీ గేటు దగ్గర అడ్డం వచ్చాడు. "ఈసారి పోతే మళ్ళా రావద్దు."

"రాము," అంది అక్క. "వాన పడితే పో అన్నావు గదా. పడింది."

పుళ్ళు పడిన కాళ్ళతో ఆమె వేగంగా నడవలేకపోయింది. మర్రిపాడు దగ్గర గుంటల్లో నీళ్ళు లేవు, పగిలిన బురద ఉంది. అక్కడే నేను లెక్క కట్టడం మొదలుపెట్టాను, ఊరు చేరేదాకా ఆపలేకపోయాను. నేను వెళ్ళడానికి, తిరిగి రావడానికి, మళ్ళీ ఇద్దరం వెళ్ళడానికి పట్టిన కాలం, మా నేల పదును పట్టుకునే కాలం, రెండింటినీ ఎన్ని రకాలుగా పక్కపక్కన పెట్టినా మిగిలింది ఏమీ కనపడలేదు. వాన నిజమని రుజువు చేయడానికే ఆ వాన ఖర్చయిపోయింది. ఆ మొదటి వాన అబద్ధం చెప్పకపోయి ఉంటే బండి వచ్చిన పూటే ఆమె లేచేది. అప్పుడు చేతిలో సగానికి పైగా పదును ఉండేది. ఈ లెక్కలో తప్పు ఎవరిదో నాకు ఇప్పటికీ స్పష్టమే.

పక్క చేలో జొన్న సూదిమొలక లేచి ఉంది. మా చేను మీద తెల్లటి పెచ్చు కట్టింది. అక్క వంగి వేళ్ళు దింపింది. తడి అందలేదు.

"నువ్వు చూడు," అంది. "ఎంత ఉండాది?"

మోచేతి దాకా తవ్వి చూశాను. "వీసం."

"వీసంలో మొలవదా?"

"మొలుస్తాది. నిలవదు."

పక్క చేను ఆసామి అరక తేలేదు. అక్క గట్టు మీద కూర్చుని మూటను ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత ఇంటికి నడిచి, చేట తీసి, మూట విప్పి, బూడిద చెరిగింది. నీళ్ళలో మళ్ళీ మళ్ళీ కడిగింది. బావ చనిపోయినా విప్పని ముడి అది. విసిరి, కాచి, ఒక చట్టి నా ముందు పెట్టి, ఒకటి తన ముందు పెట్టుకుంది. వేపాకు చేదు ఇంకా పోలేదు. మేమిద్దరం తాగాం. ఆకలిగా ఉంది కాబట్టి బాగానే ఉంది. అది నాకు ఇంకా అసహ్యంగా తోస్తుంది.

మా కొండ కింద మళ్ళీ వాన పడేసరికి మూట లేదు. నాగుకు తెచ్చాం. ఇప్పుడు ఆ చేలో దున్నేది మేమే, కళ్ళంలో మొదట కొలుచుకునేది వేరేవాళ్ళు. ఎన్నాళ్ళు అట్లా దున్ననిస్తారో తెలియదు.

అక్క ముక్కు తిరిగి రాలేదు. ఊళ్ళో ఎవరు ఏ కబురు తెచ్చినా, పెళ్ళి అన్నా, పిల్ల పుట్టిందన్నా, ఆమె అడిగేది ఒకటే. "ఏ తొట్టి చెడిందిరా?" చుట్టుపక్కల ఆడవాళ్ళు దాన్ని హాస్యమనుకుని నవ్వుతారు. వాళ్ళ పిల్లలు ఆ మాటను ఆటల్లో వాడుకుంటున్నారు.

నిన్న సాయంత్రం దుర్గం వెనక ఉరిమింది. వాకిట్లో ఆమె పిడకలు తిరగేస్తోంది. "వాన వస్తుండాదక్కా," అన్నాను. తల ఎత్తలేదు. నాకు తెలిసిన ప్రశ్నే అడిగింది. మెడ మీద, వీపు మీద చినుకులు గట్టిగా పడ్డాక లేచి, ఆకాశం వైపు చూడకుండానే పిడకలను ఒకటొకటిగా చూరు కిందికి చేర్చింది.